తల్లి వదిలిన గుళిక

పురుగుల గదిలో చప్పుడు చెయ్యకూడదని ఆ పరిశోధన సంస్థలో అందరికీ తెలుసు. అందుకే డాక్టరుగారు చనిపోతున్నప్పుడు కూడా పక్క గదిలోవాళ్ళకి ఏమీ వినిపించలేదు.

సాయంత్రం ఆయన గాజు పెట్టె ముందు వంగి, ఒక ఆకు అడుగున అతుక్కున్న గుడ్లని భూతద్దంలో చూస్తున్నాడు. వెనక తలుపు తెరుచుకుంది. కోడ్ నొక్కితే తప్ప తెరుచుకోని తలుపు అది. ఆయన తల తిప్పలేదు. "వచ్చావా? చూడు, పిల్లలు బయటికొస్తున్నాయి" అన్నాడు, వచ్చింది భార్యే అనుకుని.

వచ్చినవాడు పొడవాటి కోటు వేసుకున్నాడు. చేతిలో నల్ల గొడుగు. ఆ గొడుగు మొన డాక్టరుగారి పిక్కకి తగిలింది. ఆయన భూతద్దం లోంచి కన్ను తియ్యకుండానే పిక్క గోక్కున్నాడు. పురుగుల మధ్య బతికేవాడికి కుట్టించుకోవడం కొత్త కాదు. కాసేపటికి మోకాళ్ళమీద కూలబడ్డాడు. గొడుగు మనిషి ఫ్రిజ్ తెరిచి ట్యూబుల రాక్ ఒకటి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. బయట ఎండగా ఉన్నా ఆ గొడుగేమిటని గేటు దగ్గర ఎవరూ అడగలేదు.

మర్నాడు ఉదయం కంపౌండర్‌కి పిలుపు వచ్చింది.

కంపౌండర్ అతని అసలు ఉద్యోగం కాదు. మొదటి మిషన్‌లో ఆ వేషం వేసి నిజంగానే ఒకాయనకి ఇంజెక్షన్ ఇచ్చేశాడు కాబట్టి గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో ఆ పేరు స్థిరపడింది. ఆఫీసు ఒక డ్రైక్లీనింగ్ షాపు మేడమీద ఉంది. కింద కౌంటర్‌లో "సిరా మరక పోతుందా?" అని అడగాలి. "బట్టని బట్టి" అని జవాబొస్తే మెట్లెక్కాలి. ఆ ఉదయం అతను కోడ్ వర్డ్ మర్చిపోయి సరాసరి పైకి నడిచాడు. కౌంటర్‌లోవాడు అతని మొహం చూసి అడ్డు చెప్పలేదు.

పైన చీఫ్ ఉన్నాడు. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. కడుపుమంట మాత్రలు చప్పరిస్తూ తప్ప ఆయన ఎవరికీ పని చెప్పలేడు. ఆయన బల్లమీద ఫొటో ఒకటి బోర్లా పెట్టి ఉంది.

"మీ అన్నయ్యది గుండెపోటు కాదు" అన్నాడు పెద్దాయన.

ఎవరూ కూర్చోమనకుండానే కంపౌండర్ కూర్చున్నాడు. రాత్రి వదిన ఫోన్ చేసి, గుండె ఆగిపోయిందట చిన్నా అని మాత్రం చెప్పింది. ఆ మాటే ఇంకా అతనికి పూర్తిగా లోపలికి దిగలేదు. దాని మీద ఇప్పుడు పిక్కలో దొరికిన విషపు పూస సంగతి వచ్చి పడింది.

పెద్దాయన ఫైలు చూసి చెప్పుకుపోయాడు. కంపు పురుగుల్లో ఒక జాతి ఉంది. తల్లి గుడ్లు పెట్టి, వాటి పక్కన ఆవగింజలో సగం లేని గోధుమరంగు గుళికలు వదిలి వెళ్ళిపోతుంది. గుడ్డు పగిలి బయటపడ్డ పిల్ల ముందు ఆ గుళికని తింటుంది. అందులో ఉన్నది తల్లి పొట్టలోని బాక్టీరియా. అది కడుపులో పడితేనే పిల్లకి తిండి అరుగుతుంది. పడకపోతే పచ్చటి ఆకు మీద కూర్చుని కూడా ఎండి చస్తుంది. గుళికలోని బాక్టీరియా మారితే ఆ పురుగు బతుకే మారిపోతుంది. అన్నయ్య ఒక అడవి పురుగు పొట్టలో ఎవరూ చూడని కొత్త బాక్టీరియాని కనిపెట్టాడు. అది పడ్డ పిల్లలు పప్పు పంటలమీద పడి మేస్తాయి. మందు కొడితే దాన్ని కూడా అరిగించుకుంటాయి.

"కోత అనే విదేశీ ముఠా దానికోసం తిరుగుతోంది" అన్నాడు పెద్దాయన. "మన పొలాల్లో వదులుతారు. పంట పోయాక విరుగుడు వాళ్ళే అమ్ముతారు. ఆ విరుగుడు ఇప్పటికే గోడౌన్లలో రెడీగా ఉంది."

"మరి పట్టుకుపోయారుగా."

"వాళ్ళు పట్టుకుపోయినవి ట్యూబులు. ఈ బాక్టీరియా పురుగు పొట్టలోనో గుళికలోనో తప్ప ఇంకెక్కడా పెరగదట. ట్యూబుల్లో పెరిగింది ఏదో పనికిమాలిన రకం. కాబట్టి మళ్ళీ వస్తారు." ఆయన ఇంకో మాత్ర నోట్లో వేసుకున్నాడు. "ఆ తలుపు కోడ్ తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు పోయారు."

"రెండోది మా వదినండీ."

"తెలుసు. అందుకే ఈ పని నీకే ఇవ్వాలి. లేదా నీకు తెలియకుండా ఇంకొకడికి ఇవ్వాలి. నువ్వే చెప్పు."

బోర్లా పెట్టిన ఆ ఫొటో ఎవరిదో కంపౌండర్‌కి తిప్పి చూడకుండానే తెలిసింది. తర్వాత ఏ మారువేషం కావాలని అడిగాడు. మరిదిగా వెళ్తే చాలని పెద్దాయన అన్నాడు. చొక్కా గుండీలో మైక్, కళ్ళజోడులో కెమెరా ఇచ్చి పంపారు.

అతను లిఫ్టులు అమ్ముతాడని ఇంట్లోవాళ్ళకి తెలుసు. వీడిది పైకీ కిందకీ తిరిగే ఉద్యోగం తప్ప ముందుకెళ్ళేది కాదని అన్నయ్య ఏడిపించేవాడు. నిజం ఎప్పటికైనా చెప్పి అన్నయ్య నోరు మూయించాలని కంపౌండర్‌కి ఒక కోరిక ఉండేది. ఇప్పుడది ఎవరికి చెప్పాలో తెలియలేదు.

వదిన ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికి ఇంట్లో తల్లి లేదు. ఉన్నది పుస్తకాల్లో తల దూర్చుకున్న మొగుడూ, గోళ్ళు కొరుక్కునే చిన్న మరిదీ. జ్వరం వస్తే తల పట్టుకున్నదీ, ఎక్కాలు అప్పజెప్పించుకున్నదీ ఆమే. సంస్థలో ఆమెని చాటుగా హీరోయిన్ అనేవారు. ఎత్తు మడమల చెప్పులు, పెదాలకి ముదురు రంగు, విదేశాల్లో ఏ సదస్సు జరిగినా మొదటి వరసలో కుర్చీ. ఆమె పని వర్గీకరణ. అన్నయ్య పురుగు పొట్ట కోసి బాక్టీరియా తీస్తే, దాని డీఎన్‌ఏ చదివి అదెవరి బంధువో ఆమె తేల్చేది. సంబంధాలు కలపడానికి వచ్చిన పెద్దావిడలా, ఇది దానికి పెదనాన్న కూతురు, అది దీనికి మేనత్త కొడుకు, ఇదిగో దీనికి మాత్రం ఇంటిపేరే కొత్తది అని చెప్పేది. అన్నయ్య నవ్వుతూ వినేవాడు.

ఇప్పుడామె ముదురు రంగు లేకుండా తలుపు తీసింది. ముందు భోంచెయ్యమంది. తనెప్పుడు తిన్నదని అడిగితే ఇంకాస్త కూర వడ్డించింది. కంచం ముందు కూర్చున్న అతన్ని చూస్తూ, కొత్త బాక్టీరియా పేరు దగ్గర మీ అన్నయ్యతో పోట్లాటై మాట్లాడుకోవడం మానేశామనీ, ఆయన నా పేరు పెడతానంటే నేను ఆయన పేరు పెడతానన్నాననీ, అది తేలకుండానే వెళ్ళిపోయాడనీ చెప్పింది.  ఈవిడ ఆ తలుపు తెరిచి ఉండదని కళ్ళజోడులోని కెమెరాకి చెప్పాలనిపించింది అతనికి.

అంత్యక్రియలైన మర్నాడే ఆమె ల్యాబ్‌కి వెళ్ళింది. జనం గుసగుసలాడుకున్నారు. కంపౌండర్ తోడుగా వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె మైక్రోస్కోప్ కింద పురుగుని విప్పి, దారం పోగులా ఉన్న పేగుని పట్టకారుతో లాగి, చివర ఉబ్బిన చోటు చూపించింది. అక్కడే ఉంటాయి అంది. పెంచి చేతికి ఇవ్వలేని బాక్టీరియాకి శాస్త్రంలో పూర్తి పేరు ఇవ్వరనీ, ముందు 'కాండిడాటస్' అని తగిలిస్తారనీ చెప్పింది. అంటే ఉందని అందరూ ఒప్పుకుంటారు, తెచ్చి చూపించమంటే మాత్రం కుదరదు.

ఆ గదికి ఒక పద్ధతి ఉంది. బయటికి వచ్చేముందు ఒకరి కాలర్, జుట్టు ఇంకొకరు దులపాలి, ఒక్క పురుగు కూడా తప్పించుకోకుండా. వదిన అతన్ని గోడవైపు తిప్పి కాలర్ దులిపింది. భుజాలు దులిపింది. దులపడం అయిపోయాక కూడా ఆమె చేతులు అతని భుజాలమీదే ఉండిపోయాయి. అన్నదమ్ములిద్దరివీ ఒకే భుజాలు. వెనకనుంచి ఆమె ఏడుస్తోందని అతనికి తెలిసింది. తిరిగితే ఆ ఏడుపు గుండీలోని మైక్‌లో పడుతుందని అతను ఆమెవైపు తిరగలేదు. ఆ మైక్ పెట్టుకుని వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

ఆ మధ్యాహ్నమే ఆమె నీలం కోటు, నల్ల కళ్ళద్దాలు, పెదాలకి ముదురు రంగు వేసుకుని ఒక పెద్ద హోటల్ లాబీకి వెళ్ళింది. రెండు సోఫాల అవతల తెల్లమీసాల చెవిటి ముసలాయన పేపర్ చదువుతున్నాడు. ఆయన చెవిలో ఉన్న మిషన్ గుసగుసని కూడా పట్టుకుంటుంది. గొడుగు మనిషి వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"ట్యూబుల్లో చెత్త అంటగట్టావు" అన్నాడు వాడు.

"తలుపు తెరుస్తానన్నాను, తెరిచాను. ఏం తీసుకెళ్ళాలో మీరు అడగలేదుగా" అంది వదిన.

ముసలాయన పేపర్‌ని కళ్ళదాకా ఎత్తుకున్నాడు.

గుడ్లూ గుళికలూ ఈసారి తనే తెచ్చిస్తాననీ, బదులుగా విమానంలో తనకో సీటు కావాలనీ ఆమె చెప్పింది. ఈసారి ఊరికే నమ్మననీ, పిల్లలు పుట్టి పంటమీద పెరిగేదాకా ఆమె తన దగ్గరే ఉండాలనీ గొడుగు మనిషి పట్టుబట్టాడు. అంతదాకా ఆగితే పిల్లలు గుళికలు మొత్తం తినేస్తాయి, మీ వాళ్ళకి పరీక్షించుకోడానికి చిటికెడు కూడా మిగలదు అని ఆమె వాదించింది. డీఎన్‌ఏ చూసుకుంటే చాలు, మీ యంత్రంతోనే చూసుకోండి, నా మాట నమ్మకండి అంది. చివరికి వాడు ఒప్పుకున్నాడు. మర్నాడు విమానాశ్రయంలో.

కంపౌండర్ హోటల్ బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాడు. అతికించిన మీసం ఊడి సింకులో పడింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎందరో మోసం చేశారు, అతను ఎందరినో మోసం చేశాడు. తన జ్వరాన్ని అరచేత్తో కొలిచిన మనిషి తన అన్నయ్య గదికి తలుపు తెరిచిందని విన్నాక ఆ అనుభవం ఎందుకూ పనికిరాలేదు.

పెద్దాయనకి అన్నీ చెప్పాడు. ఏదీ దాచలేదు. విమానాశ్రయంలో గేటు దగ్గర మనవాళ్ళు ప్రయాణికుల్లా ఉంటారు. కంపౌండర్ మైక్‌లో "వాన" అంటే మీద పడతారు. "ఎండ" అంటే వదిలేస్తారు. ఎండ అనే అవసరం రాదని పెద్దాయన నమ్మకం. నీ చేత్తో ఆవిడకి సంకెళ్ళు వెయ్యగలవా అని మాత్రం అడిగాడు. వేస్తానండి అన్నాడు కంపౌండర్.

మర్నాడు విమానాశ్రయం హాల్లో అతను నీలం యూనిఫాంలో, మూతికి మాస్కు కట్టుకుని నేల తుడుస్తున్నాడు. వదిన లిప్‌స్టిక్ గొట్టం ఒకటి తీసి గొడుగు మనిషికి ఇచ్చింది. వాడు అందులోంచి గుడ్లు అంటుకున్న ఆకుముక్క బయటికి లాగి, ఒక గుళిక కొసని సూదితో గిల్లి, ఒళ్ళో పెట్టుకున్న సిగరెట్ పెట్టెంత యంత్రంలో వేశాడు. యంత్రం చదివేదాకా ఇద్దరూ మొగుడూ పెళ్ళాల్లా పక్కపక్కన కూర్చున్నారు. యంత్రంమీద పచ్చ దీపం వెలిగింది. వాడు గొట్టాన్ని జేబులో వేసుకుని, ఆమె టికెట్ ఆమె ఒళ్ళో పడేసి, గేటు దగ్గర క్యూలో నిలబడ్డాడు.

కంపౌండర్ తుడుపుకర్ర పట్టుకుని ఆమె పక్కకి వచ్చాడు. చేతిమీద వేసుకున్న తువ్వాలు కింద పిస్తోలు ఉంది. ఆమె అతని మొహం చూడలేదు, బూట్లు చూసింది.

"లేసులు అలా రెండు ముళ్ళు వేసేది ప్రపంచంలో నువ్వొక్కడివే చిన్నా. నేను తప్పు నేర్పాను" అంది. తర్వాత తల ఎత్తి తువ్వాలు చూసింది. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. "అయితే లిఫ్టులు కాదన్నమాట. వాణ్ణి మాత్రం వెళ్ళనియ్యి."

"వాడు అన్నయ్యని చంపాడు వదినా."

"తెలుసు. వెళ్ళనియ్యి. వాడి జేబులో ఉన్నవి చచ్చిన గుళికలు. విడదీసి, పొద్దున్నే ఓవెన్‌లో పెట్టి, మళ్ళీ గుడ్ల పక్కన అతికించాను."

"దీపం వెలిగింది. నేను చూశాను."

"దానికి డీఎన్‌ఏ తప్ప ఇంకేం తెలుసు? బతికున్నదాన్నీ చచ్చినదాన్నీ ఒకేలాగ చదువుతుంది. పిల్లలు పుడతాయి, గుళిక తింటాయి, ఎండిపోతాయి. వాళ్ళకి తెలిసేసరికి ఈ పంటకాలం దాటిపోతుంది."

క్యూ కదులుతోంది. చెవిలో పెద్దాయన, ఏం చేస్తున్నావు, వాన అను, అంటున్నాడు. వదిన గబగబా చెప్పింది. ల్యాబ్‌లో ఉన్న పురుగులన్నింటినీ, ఆయన ఆఖరిసారి చూసిన పిల్లలతో సహా, తనే ఆవిరి యంత్రంలో పెట్టి చంపేసి వచ్చింది. బతికున్నవి ఇంక అడవిలో ఒక్క చోటే ఉన్నాయి. ఆ చోటు తెలిసింది తనకొక్కదానికే. గొడుగు మనిషిని పట్టుకుంటే ముఠావాళ్ళు ఆ చోటు వెతకడం మొదలుపెడతారు. సరుకు దొరికిందనుకుంటే వెతకడం మానేస్తారు.

ఇది నిజమే కావచ్చు. తలుపు తెరిచిన మనిషి చెబుతున్న ఆఖరి అబద్ధం కూడా కావచ్చు. అబద్ధమైతే ఒక దేశం పంట వాడి జేబులో గేటు దాటిపోతుంది.

కంపౌండర్ నేల తుడుచుకుంటూ క్యూ వైపు నడిచాడు. నిన్న హోటల్లో ఆమె ఒక్కో మాటా గుర్తు చేసుకున్నాడు. పిల్లలు పెరిగేదాకా ఆగుదామన్నది వాడు. డీఎన్‌ఏ ఒక్కటే చాలని గంట వాదించింది ఆమె. గుళికలు బతికున్నవే అయితే ఆ వాదనతో ఆమెకేం పని? క్యూలో గొడుగు మనిషి ముందు ఇంక ఒక్క మనిషే ఉన్నాడు. అన్నయ్యని పొడిచిన గొడుగు కంపౌండర్ మోచేతికి అందేంత దూరంలో ఉంది. గొంతులో వాన అన్న మాట తప్ప ఇంకేదీ లేదు. గొడుగు మనిషి వెనక్కి తిరిగి, "జరుగవయ్యా, బూట్లు తడుస్తున్నాయి" అన్నాడు.

అతను పక్కకి జరిగాడు.

"ఎండ" అన్నాడు మైక్‌లో. ప్రయాణికుల్లా ఉన్న నలుగురూ పేపర్లు మడుచుకున్నారు. చెవిలో పెద్దాయన తిట్టిన తిట్లు కడుపుమంట మాత్రలకి లొంగేవి కావు.

విమానం లేచేదాకా వదిన పక్కన కూర్చున్నాడు. తర్వాత అడగాల్సింది అడిగాడు. ఆమె తప్పించుకోలేదు. ముఠా తన వెంట పడి చాలా కాలమైంది. పోలీసులకి చెబితే గది మూసేసి మీ అన్నయ్య పనంతా తగలబెడతారని భయపడింది. పనికిరాని ట్యూబులు ఎత్తుకుపోనిస్తే పీడా పోతుందనుకుంది. అన్నయ్య మీటింగ్‌లో ఉండే సాయంత్రం చూసి కోడ్ ఇచ్చింది.

"నాకు తెలివెక్కువని నీకు తెలుసుగా" అంది. "ఆయన మీటింగ్ ఎగ్గొట్టాడు. పిల్లలు పుడుతున్నాయి, త్వరగా రా, ఇద్దరం చూద్దాం అని మెసేజ్ పెట్టాడు. పోట్లాట అయ్యాక అదే మొదటి మాట. నేను ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుని, పని ఎప్పుడవుతుందా అని గడియారం చూస్తూ కూర్చున్నాను."

కంపౌండర్ ఏడుపు ఆపుకోలేదు. నేల తుడిచేవాడు అలా ఏడుస్తుంటే జనం ఆగి చూశారు. ఆమె కోటు చేతులు పైకి మడుచుకుని మణికట్లు రెండూ ముందుకు చాపింది. కానియ్యి, నీ ఉద్యోగం పోతుంది అంది. అతను సంకెళ్ళు బయటికి తీశాడు గానీ చేతులు పనిచెయ్యలేదు. ఎలా వెయ్యాలో చూసి ఆమే వేసుకుంది.

పంటకాలం వచ్చింది, పోయింది. పొలాల గట్లమీద అక్కడక్కడ ముఠా వదిలిన పురుగు పిల్లలు ఎండిపోయి కనిపించాయి, రైతులు పట్టించుకోలేదు. కోత ముఠా గోడౌన్లలో విరుగుడు మందు గడువు తీరిపోయింది. గొడుగు మనిషి ఒక నదిలో తేలాడని, అది అతని సొంత మనుషుల పనేనని పెద్దాయన కబురు పెట్టాడు. కంపౌండర్‌కి దానివల్ల ఏ ఉపశమనమూ కలగలేదు.

వదినకి శిక్ష పడింది. చేసిన మేలు చూసి తగ్గించారు, పోయిన ప్రాణం చూసి పూర్తిగా వదల్లేదు. జైల్లోనే ఆమె ఆ కొత్త బాక్టీరియా మీద వర్గీకరణ వ్యాసం పూర్తి చేసి ఒక శాస్త్ర పత్రికకి పంపింది. మొదటి రచయితగా అన్నయ్య పేరు, రెండో చోట తన పేరు. పోట్లాటలో ఆఖరికి ఆమే గెలిచి, కాండిడాటస్ పక్కన ఆయన పేరే పెట్టింది. గెలిచినందుకు ఆ రోజంతా ఏమీ తినలేదని వార్డెన్ చెప్పింది.

పత్రికవాళ్ళ జవాబు కంపౌండరే పట్టుకెళ్ళాడు. గాజు అద్దానికి ఇటు కూర్చుని చదివి వినిపించాడు. అచ్చు వేసేముందు వ్యాసాన్ని పరీక్షించిన పరిశీలకుడు ఎవరో మర్యాదస్తుడు. వర్గీకరణ నిర్దుష్టంగా ఉందన్నాడు. బతికున్న నమూనా ఎందుకు జత చెయ్యలేదో, పురుగు దొరికిన చోటు ఎందుకు రాయలేదో మాత్రం తనకి అర్థం కాలేదన్నాడు. మొదటి రచయితతో ఒక్కసారి నేరుగా మాట్లాడే వీలు కల్పిస్తే తన సందేహాలన్నీ ఐదు నిమిషాల్లో తీరిపోతాయని రాశాడు.

వదిన అద్దానికి అటువైపు చాలాసేపు నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

"ఆ పరిశీలకుడికొచ్చిన ఇబ్బందే నాకూ ఉందని, నాకూ ఆ ఐదు నిమిషాలే కావాలని రాసెయ్ చిన్నా" అంది.